పొయ్యెక్కని పాలు

అక్క పశుసంవర్ధక శాఖలో సర్వీసంతా పల్లెల్లోనే చేసి రిటైరైన వెటర్నరీ డాక్టరు. తమ్ముడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి తెనాలి దగ్గర సొంతూళ్లో ఒంగోలు ఆవులు, గిర్ ఆవులు పెట్టుకున్నాడు. పాలు గాజు సీసాల్లో రోజూ విజయవాడ వెళ్తాయి. సీసాకి కొత్తగా అంటించబోయే లేబుల్ నమూనా పట్టుకుని ఒక మధ్యాహ్నం అక్క దగ్గరికి వచ్చాడు. అందులో ‘కాచనక్కర్లేదు’ అన్న మాట ఆవిడ కంటబడింది.

అక్క: ఈ మాట ఎవరు రాయమన్నార్రా?

తమ్ముడు: కొనేవాళ్లే అడుగుతున్నారక్కా, పచ్చివే తాగొచ్చా అని. కాచి తాగేదానికి సీసాకి ఇంత డబ్బు పోయడం దేనికి, ప్యాకెట్ చాలదా అని ఒకావిడ మొహం మీదే అడిగింది. నేను నీళ్లు కలపను, పొడి కలపను, చేపడానికి ఇంజెక్షన్ పొడవను. పితికిన మూడు నాలుగు గంటల్లో గుమ్మంలో ఉంటాయి. ఇంత చేసి, చివర్లో మంట మీద పెట్టి పాడు చేసుకోండని నేనే చెప్పాలా?

అక్క: పితికేటప్పుడు ఏం చేస్తున్నారో వరసగా చెప్పు.

తమ్ముడు: పొదుగు గోరువెచ్చటి నీళ్లతో కడుగుతారు. దూడను వదిలి, ఆవు చేపాక దూడను లాగి కట్టి, చన్నులు మళ్లీ కడిగి పొడిగుడ్డతో తుడుస్తారు. ఒక్కో చన్ను నుంచి తొలి ధారలు విడిగా నల్లటి గిన్నెలోకి పితికి, విరుగుళ్లు కనిపిస్తాయేమో చూస్తారు. స్టీలు క్యాన్లు వేణ్ణీళ్లతో కడిగి ఎండలో బోర్లిస్తారు. అన్నీ నువ్వు నేర్పినవే.

అక్క: ఊళ్లో నీ కొట్టమంత శుభ్రమైన కొట్టం ఇంకోటి లేదు, ఒప్పుకుంటాను. కానీ నిన్న పొద్దున నేను అక్కడే నిలబడి చూశాను. పితుకుతుండగా ఈగలకి ఆవు తోక విసిరింది. కుచ్చుకి పేడ అంటి ఉంది. పితికేవాడి భుజానికి తగిలి, రెండు మూడు చుక్కలు క్యాను అంచు మీద పడ్డాయి. అతను చేత్తో తుడిచేసి, అదే చేత్తో పితికాడు. అది అతని తప్పు కాదు, పశువు దగ్గర అంతే. ఆ పేడలో ఏముందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఈ.కోలైలో ఓ157 అని ఒక రకం ఉంది. ఆవుకి దానివల్ల ఏమీ కాదు, పేడతో బయటికి వదులుతుంది. అది అయిదేళ్ల పిల్లాడి కడుపులో పడితే నెత్తురు విరేచనాలు, కొందరికి కిడ్నీలు దెబ్బతినడం. సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ కూడా ఆ దారినే వస్తాయి.

తమ్ముడు: వెంటనే చల్లబెడుతున్నాం కదా, నాలుగు డిగ్రీల్లో.

అక్క: అది మంచిపనే. బయట ఎండలో అయితే ఈ.కోలై లాంటివి అరగంటకోసారి రెట్టింపవుతాయి. ఒకటి నాలుగు గంటల్లో రెండొందల యాభై దాటుతుంది. చల్లబెడితే ఆ పెరుగుదల ఆగుతుంది గానీ ఉన్నవి చావవు. లిస్టీరియా అనేది నాలుగు డిగ్రీల్లో కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. మామూలు మనిషికి అది జ్వరంతో పోవచ్చు. గర్భిణికి వస్తే కడుపులో బిడ్డే పోవచ్చు. నీ సీసా ఏ ఇంట్లో ఎవరు తాగుతున్నారో నీకు తెలుసా?

తమ్ముడు: ఇదంతా జరగొచ్చు, జరగొచ్చు అనే లెక్కే కదక్కా. మన తాత కొట్టంలోనే చెంబు పట్టుకుని, నురగ కూడా చల్లారకముందే తాగేవాడు. తొంభై దాటి బతికాడు.

అక్క: తాగినవాళ్లలో బతికినవాళ్లే మనకి కథలు చెబుతారు. ఆ రోజుల్లో ఎడతెగని జ్వరంతో మంచం పట్టినవాళ్లకి ఏ జబ్బో ఎవరు తేల్చారు? నేను చూసింది చెప్తాను. ఒక ఊళ్లో చూడి గేదె ఎనిమిదో నెలలో ఈసుకుపోయింది. దిష్టి తగిలిందన్నారు. మాయ పడకపోతే ఆ ఇంటాయన ఉత్త చేతుల్తో లాగేశాడు. ఆ కొట్టంలోదే ఇంకో గేదె పాలు ఇంటిల్లిపాదీ తాగారు. పిల్లాడికి పొడిదగ్గని పెద్దావిడ పచ్చిపాలే పట్టింది. రెండు నెలల తర్వాత ఆయనకి సాయంత్రమయ్యేసరికి జ్వరం, తెల్లారేసరికి పక్క తడిసిపోయేంత చెమట, నడుం నొప్పి. టైఫాయిడని మందులు వాడారు, మలేరియా అని వాడారు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. చివరికి పెద్దాసుపత్రిలో ఒక డాక్టరు, ఇంట్లో పశువులున్నాయా అని అడిగాడు. ఆ ప్రశ్న ముందే అడిగి ఉంటే ఆ రైతుకి అంత అప్పు అయ్యేది కాదు. బ్రూసెల్లోసిస్ అని తేలింది. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ ఆరు వారాలు వాడాల్సి వచ్చింది. పిల్లాడికీ అదే.

తమ్ముడు: మాయ లాగినందుకు వచ్చిందేమో, పాల వల్ల కాదేమో.

అక్క: ఆయనకి ఏ దారిన వచ్చిందో నేను ఒట్టేసి చెప్పలేను. పిల్లాడు మాయ జోలికి వెళ్లలేదు, పాలే తాగాడు. బ్రూసెల్లా సంగతేమిటంటే అది పేడలోంచో తోకలోంచో పాలలో పడక్కర్లేదు. ఆవు పొదుగులోనే, ఆ పక్క గ్రంథుల్లోనే కాపురం పెట్టి, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి పాలతో బయటికి వస్తుంది. ఆవు నిగనిగలాడుతుంది, మేత బాగా తింటుంది, పాలు బాగా ఇస్తుంది. నీ నల్లగిన్నెలో విరుగుళ్లు కనబడవు. పాలు చిక్కగా, తియ్యగానే ఉంటాయి. నువ్వు ఎంత శుభ్రంగా పితికినా ఆ క్రిమి పాలతో పాటే సీసాలోకి వస్తుంది. పశువుల క్షయదీ అదే కథ. మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులు ఏళ్ల తరబడి ఈ జ్వరంతో మంచాన పడ్డారు. 1887లో డేవిడ్ బ్రూస్ క్రిమిని పట్టుకున్నాడు గానీ ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియలేదు. 1905లో థెమిస్టోక్లిస్ జమ్మిట్ అనే అక్కడి వైద్యుడు ఆరోగ్యంగా కనిపిస్తున్న మేకల నెత్తురు పరీక్షించి చూస్తే అక్కడుంది జబ్బు. మరుసటి ఏడాది సైన్యానికి మేకపాలు ఆపేశారు, జ్వరాలు కూలిపోయాయి.

తమ్ముడు: చరిత్ర నేనూ చదివానక్కా. పాశ్చరైజేషన్ ఎందుకు వచ్చిందో కూడా చెప్పుకుందాం. న్యూయార్క్ లాంటి ఊళ్లలో సారా బట్టీల పక్కన కొట్టాలు కట్టి, ఆ బట్టీల మడ్డి మేపి, ఒంటి మీద పుళ్లతో నిలబడలేని ఆవుల్ని పితికి అమ్మారు. పసిపిల్లలు పిట్టల్లా రాలిపోయారు. దానికి ఆవుల్ని బాగుచేసుకోవాలి గానీ పాలను ఉడకబెట్టి సరిపెట్టడం ఏమిటని ఆ రోజుల్లోనే హెన్రీ కోయిట్ అనే డాక్టరు 1893లో సర్టిఫైడ్ పాలు మొదలుపెట్టాడు. మంచి కొట్టం, ఆరోగ్యమైన ఆవులు, డాక్టర్ల తనిఖీ, పచ్చిపాలు. నేను చేస్తున్నదీ అదే. మంటతో మురికిని కప్పెయ్యొచ్చని తెలిశాక కొట్టం శుభ్రం ఎవడిక్కావాలి?

అక్క: నీ వాదనలో గట్టిది ఇదే. మురికి పాలను కాచి అమ్మితే అవి మంచిపాలు కావు, కాచినా పోని మురికి కూడా ఉంది, దానికి మళ్లీ వస్తాను. కానీ కోయిట్ పద్ధతి ఖరీదైనది, పైగా ఆవుని చూసి క్షయ, బ్రూసెల్లా కనిపెట్టడం ఎవరి వల్లా కాదు. ఊళ్లు ఒక్కొక్కటే పాశ్చరైజేషన్ వైపు వెళ్లాయి. 1908లో షికాగో దాన్ని తప్పనిసరి చేసింది. నువ్వొకటి గమనించు. ఈ గొడవంతా పొయ్యి మీద పాలు పెట్టే అలవాటు లేని దేశంలో పుట్టింది. వాళ్లకి రెండే దారులు, ఫ్యాక్టరీలో వేడిచేసినవి లేదా పచ్చివి. ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే గ్లాసులో పోసుకుంటారు. మనకి మూడో దారి ఎప్పణ్ణుంచో ఉంది, పచ్చిపాలు కొని ఇంట్లో కాచుకోవడం. మన అమ్మ జీవితంలో ప్యాకెట్ పాలు కొనలేదు, కాచకుండా పాలు ఇంట్లో ఎవరికీ పోయలేదు. నువ్వు పచ్చిపాలు కొనడం, పచ్చిపాలు తాగడం రెండూ ఒకటేనని కలిపేసి లేబుల్ మీద రాస్తున్నావు.

తమ్ముడు: కలిపింది నేను కాదు. ఎడిసన్‌లో మన పెద్దమ్మ కొడుకు ఏం చేస్తున్నాడో తెలుసా? న్యూజెర్సీలో పచ్చిపాలు అమ్మనివ్వరని, పెన్సిల్వేనియా సరిహద్దు దాటి పర్మిట్ ఉన్న ఫారానికి వెళ్లి తెచ్చుకుంటున్నాడు. ఇక్కడి పాల రుచి అక్కడ దొరికిందని ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు.

అక్క: తెచ్చుకుని ఏం చేస్తున్నాడో అడిగావా? నేను అడిగాను. వాళ్లావిడ కాచి తోడుపెడుతోంది. అక్కడి హోమోజినైజ్ చేసిన పాల మీద మీగడ కట్టదు, ఆ మీగడ కోసం వెళ్తున్నారు. ఆ మాత్రానికి నేనేమీ అనను, పచ్చివి తాగితేనే భయం. 2024 మార్చిలో టెక్సస్, కాన్సస్ ఆవుల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ బయటపడింది. పొదుగులోనే వైరస్ గుట్టలుగా పెరిగింది. ఆ డెయిరీల్లో పచ్చిపాలు తాగిన పిల్లులు చచ్చిపోయాయి. పాశ్చరైజ్ చేసిన పాలలో బతికున్న వైరస్ దొరకలేదు. అక్కడి కేంద్రం 1987 నుంచే రాష్ట్రాల మధ్య పచ్చిపాల అమ్మకం ఆపేసింది, రాష్ట్రం లోపల అమ్మాలా వద్దా అన్నది ఆ రాష్ట్రం ఇష్టం. జర్మనీ, ఇటలీల్లో రైతు పచ్చిపాలు అమ్ముకోవచ్చు, కానీ మరగకాచి తాగండని రాసిపెట్టాలి. చూశావా, పచ్చిపాలు అమ్మనిచ్చే దేశాలే ఆ మాట రాయమంటున్నాయి. నువ్వు రాస్తున్నది సరిగ్గా దానికి ఎదురు మాట.

తమ్ముడు: విదేశాలు వదిలెయ్. మన వాగ్భటుడి మాటకేం చెప్తావు? అష్టాంగహృదయంలో ధారోష్ణం అమృతంతో సమానమని ఉంది. ధార వెచ్చదనంతో ఉన్న పాలు. నేను కల్పించింది కాదు.

అక్క: కల్పించలేదు, సగమే చదివావు. అదే శ్లోకంలో ముందేముంది? పచ్చిపాలు బరువు, స్రోతస్సుల్ని మూసేస్తాయి, తగుపాళ్లలో కాచినవి దానికి విరుద్ధం అంటే తేలిక, మరీ ఎక్కువ కాస్తే మళ్లీ బరువు. ఆ తర్వాత ధారోష్ణానికి మినహాయింపు. ఆ మినహాయింపు ఆవు పక్కన నిలబడి, వెచ్చదనం పోకముందే తాగేవాడికి. నీ పాలు నాలుగు డిగ్రీలకి దిగి, ఆటో ఎక్కి, ముప్ఫై కిలోమీటర్లు వెళ్లి, ఫ్రిజ్‌లో పడుకుని, మర్నాడు గ్లాసులోకి వస్తాయి. వాగ్భటుడి లెక్కలో అవి పచ్చిపాలు. ఆయన పేరు చెప్పి సీసా అమ్మాలంటే కాచమనే రాయాలి. పొదుగు దగ్గర చెంబుతో తాగినా బ్రూసెల్లా ఉంటుంది, అది నా మాట. కానీ నువ్వు ఆయన్ని సాక్షిగా పిలిచావు కాబట్టి ఆయన నీ పక్షాన లేడని చెప్తున్నాను.

తమ్ముడు: సరే, కొత్త సైన్సుకే వద్దాం. 2011లో జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ పల్లె పిల్లల మీద గాబ్రియేలా అనే పెద్ద అధ్యయనం వచ్చింది. పొలం దగ్గర పచ్చిపాలు తాగే పిల్లల్లో ఆస్తమా, ఎలర్జీ తక్కువ. కాచిన పాలు తాగిన పిల్లల్లో ఆ లాభం కనబడలేదు. ఇది నేను వాట్సాప్‌లో చదివింది కాదు.

అక్క: కాదు, మంచి అధ్యయనమే. పాలలోని వే ప్రోటీన్లు కొన్ని వేడికి మారిపోతాయి, వాటిలో ఏదో ఆ రక్షణ ఇస్తోందేమోనని వాళ్ల అనుమానం. అందులో ఏదో ఉందని నాకూ అనిపిస్తుంది. కానీ అది రాసినవాళ్లే పచ్చిపాలు తాగమని సలహా ఇవ్వలేదు, రోగక్రిముల సంగతి తేలేదాకా వద్దన్నారు. క్రిములు లేకుండా ఆ ప్రోటీన్‌ని ఎలా కాపాడాలా అని వాళ్లు వెతుకుతున్నారు. ఇంకోటి, కొందరు పచ్చిపాలయితే అరుగుతాయంటారు కదా, లాక్టోజ్ పడనివాళ్లు? స్టాన్‌ఫర్డ్‌లో 2014లో 16 మందికి పచ్చివి, పాశ్చరైజ్ చేసినవి మార్చి మార్చి ఇచ్చి చూశారు. తేడా లేదు. ఉండదు కూడా, లాక్టోజ్ రెంటిలోనూ అంతే ఉంటుంది, దాన్ని అరిగించే ఎంజైము పచ్చిపాలలో ఉండదు. పాలు పడనివాడికి పెరుగు తేలిక. ఆ సంగతి మన పల్లెల్లో అందరికీ తెలుసు.

తమ్ముడు: కాస్తే ఏమీ పోదంటావా?

అక్క: పోతుంది. విటమిన్ సి కొంత, బి విటమిన్లు కొంత. సి కోసం పాలు తాగేవాడెవడు, ఒక జామకాయ తింటే పోయినదానికి పదింతలు వస్తుంది. కాల్షియం పోదు, కొవ్వు పోదు, కేసీన్ పోదు. ఫ్యాక్టరీలో అయితే 72 డిగ్రీల్లో 15 సెకన్లు లేదా 63 డిగ్రీల్లో అరగంట, అంతే. ఇంట్లో మనం వంద దాకా తీసుకెళ్తాం. ఒక్క మెలకువ, నురగ పొంగగానే స్టౌ ఆపెయ్యకూడదు. నురగ లేచేసరికి లోపల పాలు ఇంకా మరగకపోవచ్చు. మంట తగ్గించి, గరిటెతో కలుపుతూ ఒకటి రెండు నిమిషాలు మరగనివ్వాలి. అమ్మమ్మ దాలిగుంటలో పిడకల మీద పొద్దుటి పాలు సాయంత్రం దాకా ఉంచేది గుర్తుందా? కుండ అంచుకి ఎర్రగా చెక్కు కట్టేది, మీగడ రొట్టెలా మందంగా లేచేది. ఆ పాల మజ్జిగ రుచి నీ సీసాలో దొరకదు. పాలు పాతకాలం పద్ధతిలో ఇస్తున్నానంటావు కానీ ఆ పద్ధతి నడిచిందే నిప్పు మీద. కాగబెట్టడం, తోడెయ్యడం, చిలకడం, వెన్న కాచడం, అన్నిటికీ మొదలు అది.

తమ్ముడు: దేవుడికి పచ్చిపాలే కదా? అభిషేకానికి, నాగుల చవితికి పుట్టలో పొయ్యడానికి కాచినవి వాడరే.

అక్క: పుట్టలో పోసినవాటితో ఎవరికీ జబ్బు రాదు. అభిషేకం పాలను తీర్థమని పిల్లల చేతుల్లో పోసేటప్పుడే నాకు గుండె గుబుక్కుమంటుంది. పాశ్చరైజ్ చేసిన ప్యాకెట్ పాలు కాచకుండానే పంచామృతానికి వాడుకోవచ్చు, ఎవరి ఆచారానికీ లోటు రాదు. ముఖానికి పచ్చిపాలు రాసుకుంటే నాకేం అభ్యంతరం లేదు, గాయం మీద రాయకపోతే చాలు. జున్ను సంగతి అడుగుతావు, అది ఆవిరికి బాగా ఉడికి గట్టిపడిందైతే తిను, కానీ ఈనినప్పటి జున్నుపాలు పచ్చివి రుచి చూడకు. దగ్గుకి మేకపాలు పచ్చివి పట్టడం మానెయ్యాలి, మాల్టాలో దొరికింది మేకలోనే. ఏడాది నిండని బిడ్డకి తల్లిపాల బదులు ఏ ఆవుపాలూ, కాచినవైనా, వద్దు.

తమ్ముడు: ఇప్పుడు నేను అడుగుతాను. నీ నిప్పు అన్నిటినీ చంపుతుందా? ఆహార భద్రతా సంస్థ, ఎఫ్ఎస్ఎస్ఏఐ, 2018లో దేశమంతా 6,432 పాల నమూనాలు పరీక్షించింది. కల్తీ అని అందరూ భయపడితే అది 12 నమూనాల్లోనే దొరికింది. కానీ అఫ్లాటాక్సిన్ ఎం1 వందకి అయిదారు నమూనాల్లో మోతాదు మించి ఉంది, కొన్నిట్లో యాంటీబయాటిక్స్ ఉన్నాయి. అఫ్లాటాక్సిన్ కాస్తే పోతుందా?

అక్క: పోదు. పాశ్చరైజ్ చేసినా పోదు. బూజు పట్టిన వేరుశనగ చెక్క, తడిసిన మొక్కజొన్న దాణా తిన్న పశువు పాలలోకి అది వస్తుంది. కాలేయానికి చెరుపు, క్యాన్సర్ కారకం. యాంటీబయాటిక్స్ కూడా చాలావాటికి మరుగు లెక్క కాదు. పొదుగువాపుకి చన్నులోకి మందెక్కించి, గడువు దాటకుండానే ఆ పాలు కలిపేస్తే వినియోగదారుకి తెలిసే దారే లేదు.

తమ్ముడు: అదే నేను చెప్పేది! పెద్ద డెయిరీ ట్యాంకులో వందల ఊళ్ల పాలు కలుస్తాయి. బూజు దాణా ఎవడు పెట్టాడో, మందు ఎవడు పొడిచాడో తెలియదు. నా దాణా నేను కలుపుతాను, చెక్క నేనే ఎండబెట్టుకుంటాను. మందు వాడిన ఆవు పాలు గడువు దాటేదాకా దూడకి కూడా పట్టను. ప్యాకెట్ క్రిముల్ని చంపుతుంది, వీటిని చంపదు. మరి నా పాలు ప్యాకెట్ కంటే మంచివే కదా?

అక్క: ఈ విషయంలో మంచివే. పందెం కట్టమన్నా కడతాను. కానీ ఇది నీ పాలు కొనడానికి కారణం, పచ్చిగా తాగడానికి కాదు. నిప్పు చేయలేని పని నువ్వు చేస్తున్నావు, నువ్వు చేయలేని పని నిప్పు చేస్తుంది. బావి నీళ్లు తేటగా ఉన్నాయని కలరా రోజుల్లో తాగినట్టు, పాలు తెల్లగా ఉన్నాయని తాగిస్తానంటే ఎలా?

తమ్ముడు: తాగేది వాళ్ల ఇష్టం అక్కా. చదువుకున్నవాళ్లు. లాభనష్టాలు చూసుకుని తాగుతారు. సిగరెట్టు అమ్మనిస్తారు, నా పాలు నేను అమ్ముకోకూడదా?

అక్క: పెద్దవాడు తన గ్లాసు తాను తాగితే నేను అడ్డం రాను. నువ్వు పొద్దున్నే కొట్టంలో చెంబెత్తినప్పుడు నేనేమైనా అన్నానా? నీ సీసా తాగేది మాత్రం ఆ ఇంట్లో మూడేళ్ల పిల్ల, కడుపుతో ఉన్న కోడలు, షుగరున్న తాత, కీమో మందులు వాడుతున్న పెద్దావిడ. కొన్నది ఒకరు, పోసింది ఇంకొకరు, జబ్బు పడేది మూడోవాళ్లు. లాభనష్టాలు చూసుకునే వీలు ఆ పిల్లకి ఎక్కడుంది? అదీకాక సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక రాసి అమ్ముతున్నారు. నువ్వు అక్కర్లేదని రాస్తున్నావు.

తమ్ముడు: కాచమని రాస్తే ఈ ధర ఎవరిస్తారు?

అక్క: నువ్వు నిజంగా చేస్తున్నది రాయి. ఒకే మంద పాలు, కలపనివి, ఏ రోజువి ఆ రోజే. దాణాలో ఏముంది, మందులు ఎప్పుడు వాడారు, పశువుల నెత్తురు ఎప్పుడు పరీక్షించారు, అన్నీ నెలనెలా పెట్టు. ఏ2 ప్రోటీన్ పాలని పెద్దక్షరాలతో వేశావు, అది తీసెయ్. 2024 ఆగస్టులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ మాట తీసెయ్యమని చెప్పి, అయిదు రోజుల్లో వెనక్కి తీసుకుంది. ఉంచినా నిన్నెవరూ పట్టుకోరు, కానీ దానివల్ల క్రిమి చావదు. మీ ఆవులకి బ్రూసెల్లా పరీక్ష చేయించావా?

తమ్ముడు: టీకాలు వేయించాను. చెవులకి పసుపు ట్యాగులున్నాయి చూడు.

అక్క: ట్యాగు ఉందంటే పన్నెండంకెల నంబరు ఉందని అర్థం, జబ్బు లేదని కాదు. 2019లో మొదలైన జాతీయ పథకంలో బ్రూసెల్లా టీకా పెయ్యదూడలకే వేస్తారు, నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య, జీవితంలో ఒక్కసారి. చూడి పశువుకి వేస్తే ఈసుకుపోవచ్చు. నీ ఇంట్లో పుట్టిన దూడలకి సరే. గుజరాత్ నుంచి లారీలో దించిన గిర్ ఆవులు ఎదిగినవి. వాటికి అక్కడ వేశారో లేదో, ఏ మందలోంచి వచ్చాయో నీ దగ్గర కాగితం ఉందా?

తమ్ముడు: లేదు.

అక్క: పాలకి రింగు పరీక్ష ఉంది. చిన్న గాజు గొట్టంలో మిల్లీలీటరు పాలు పోసి, రంగేసిన చచ్చిన బ్రూసెల్లా ద్రావణం ఒక చుక్క వేసి, ఒంటివేడిలో గంటసేపు ఉంచుతారు. మంద బాగుంటే పైన మీగడ తెల్లగా, కింద పాలు రంగుగా ఉంటాయి. జబ్బు ఉంటే రంగంతా మీగడ పట్టుకుని పైకి తీసుకెళ్తుంది. కింద తెల్లగా, పైన ఊదారంగు ఉంగరం. మందని అలా చూసి, తర్వాత ఒక్కో ఆవు నెత్తురూ పరీక్షించాలి. నిరుడు ఒక గిర్ ఆవు ఏడో నెలలో ఈసుకుపోయిందని అన్నావే?

తమ్ముడు: వానలో జారి పడిందక్కా. రెండు రోజులకి దూడ పోయింది.

అక్క: జారి పడి పోయి ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా అదే కారణమని చెప్పలేం. ఇప్పుడు పాలిస్తోందా?

తమ్ముడు: ఇస్తోంది. పూటకి నాలుగు లీటర్లు. అన్నిటితో పాటే కలుస్తున్నాయి.

అక్క: రేపు పొద్దున నేను వచ్చి నెత్తురు తీస్తాను. పాజిటివ్ వస్తే ఏం చేస్తావో ముందే అనుకో. పశువుకి దీనికి మందు లేదు. మందలోంచి విడదీసి, బతికున్నన్నాళ్లూ విడిగా మేపాలి. మళ్లీ కట్టించకూడదు. ఈనినా, ఈసుకున్నా ఆ మాయ లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. కబేళాకి పంపడం మన దగ్గర కుదరదు. పాజిటివ్ వస్తే ఆ ఆవు నీకు దండగే.

తమ్ముడు: అమ్మేస్తానేమోనని నీ భయం.

అక్క: అందరూ చేసేది అదే. ఈసుకుపోయిన పశువుని నోరు మెదపకుండా సంతకి తోలతారు, కొన్నవాడు తన కొట్టంలో కట్టేసుకుంటాడు. జబ్బు ఊరూరా తిరిగేది అలాగే. నీకు గుజరాత్‌లో అమ్మినవాడు కూడా అలా వదిలించుకున్నాడేమో, ఎవరు చెప్పగలరు?

తమ్ముడు: అమ్మను. చెరువుగట్టు పక్కన మన ఖాళీ స్థలంలో రేకుల షెడ్డు వేస్తాను. దానికి వేరే మనిషి, వేరే బకెట్టు. ఇక్కడిదాకా ఒప్పుకున్నాను. కానీ మిగతావన్నీ నెగటివ్ వచ్చి, ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేయిస్తే, అప్పుడైనా పచ్చివి తాగొచ్చంటావా?

అక్క: అప్పుడు బ్రూసెల్లా భయం చాలావరకు తీరుతుంది. క్షయకి కూడా పరీక్ష చేయిస్తే అదీ తగ్గుతుంది. తోక మాత్రం అలాగే ఉంటుంది, పేడ అలాగే ఉంటుంది. అందుకని నా మాట మారదు. నీకు నచ్చదని తెలుసు.

తమ్ముడు: నచ్చలేదు. రుచి పోతుంది, నా కస్టమర్లు సగం పోతారు.

అక్క: సాయంత్రం ఆటో ఎన్నింటికి?

తమ్ముడు: అయిదున్నరకి. ఎందుకు?

అక్క: అది కదలకముందే మీ వాట్సాప్ గ్రూపులో పెట్టు, పరీక్షలు చేయిస్తున్నాం, ఫలితాలు వచ్చేదాకా ఈ పాలు తప్పనిసరిగా మరగకాచుకోండి అని. ఆ గిర్ ఆవు పాలు ఈ పూట నుంచే క్యానులో కలపకు.

తమ్ముడు: అలా పెడితే రేపటికి సగంమంది మానేస్తారక్కా.

అక్క: మానేసినవాళ్లకి ప్యాకెట్ పాలున్నాయి, వాళ్ల గురించి బెంగ లేదు. నీ మీద నమ్మకంతో నిన్నటిదాకా పచ్చివే తాగినవాళ్ల పేర్లు రాసుకుని, వాళ్లకి మాత్రం విడిగా ఫోన్ చెయ్యి.